తాలుకాయను ఎట్ల లెక్కబెట్టల్ల

బెళుగుప్ప దాటినాక రెండో క్రాసులో
బస్సు నన్ను దించి దుమ్ములో కలిసిపోయింది.
సంచిలో నలభై ప్రశ్నావళులు, రెండు పెన్నులు,
వేలిముద్రలకు ఒక ఇంకు ప్యాడు.

సారు చెప్పి పంపినాడు:
నవ్వొద్దు. తల ఊపొద్దు. అయ్యో అనొద్దు.
నీ ముఖం చూసి వాళ్ళ జవాబు మారకూడదు.
గోడ అడిగినట్టు అడగల్ల.

ఓటర్ల జాబితాలో ప్రతి ఏడో పేరు.
అట్ల తగిలిన పన్నెండో మనిషి వన్నూరమ్మ.
వయసు, జాబితాలో యాభై ఎనిమిది,
ఆమె నోట "అరవై ఉంటాయేమోలే."
వసారాలో కూర్చుని విత్తనానికి కాయలు వలుస్తాంది.

ముందు అంగీకార పత్రం చదివినాను:
ఇష్టం లేకపోతే మీరు ఎప్పుడైనా
మధ్యలో మానుకోవచ్చు.
"ఏది పాపా, సేద్యమా?"

గోడ ఏం చెప్తుంది?
ప్రశ్న మొదలుపెట్టినాను.
గత రెండు వారాల్లో, భవిష్యత్తు మీద ఆశ లేదని
మీకు ఎంత తరచుగా అనిపించింది?
ఎప్పుడూ లేదు, ఒకటి. ఎప్పుడో ఒకసారి, రెండు.
అప్పుడప్పుడు, మూడు. తరచుగా, నాలుగు.
ఎల్లప్పుడూ, ఐదు.

ఆమె చేయి ఆగలేదు.
"భవిష్యత్తంటే వానేనా?"

అదే గొంతుతో, అదే వేగంతో మళ్ళీ చదివినాను.
మళ్ళీ.
చివరికి, ఏ పుస్తకమూ ఒప్పుకోని పని,
ఆమె చేటలోంచి ఐదు కాయలు తీసి
మా మధ్య బండ మీద వరసగా పెట్టినాను.
ఎంత బరువుంటే అన్ని తీసుకోమ్మా.

నాలుగు తీసింది.
నాలుగు రాసుకున్నాను.

అందులో ఒకదాన్ని బొటనవేలితో నొక్కింది.
టప్పుమంది. లోపల గింజ లేదు,
గింజ ఉండాల్సిన చోట ఎండిన పొర.
"ఇది తాలుకాయ. దీన్ని గూడా లెక్కబెట్టినావే?"

ఎన్నిసార్లు కొలిచినా అంతే వస్తే విశ్వసనీయత.
కొలవాలనుకున్నదాన్నే కొలిస్తే సప్రమాణత.
ఆ ప్రశ్నకు నాకు పదికి తొమ్మిది వచ్చినాయి.
కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి
గింజ ఉందో లేదో చెప్పడం మాత్రం
సిలబస్‌లో లేదు.
ఆ పొద్దు వన్నూరమ్మ నేర్పింది,
నాలుగుసార్లకు ఒకసారి తప్పినాను.

బోరు ఎండినోళ్ళు ఇరవై మంది కావల్ల.
ఒక్క పూటలో దొరికినారు.
పోలిక కోసం, బోరు ఎండనోళ్ళు ఇరవై మంది కావల్ల.
మూడు రోజులు తిరిగినా.
"మాది ఎండలేదు" అన్నాడు నారెప్ప.
సంబరంగా పేరు రాసుకుంటుంటే
"నీళ్ళు పడింటే కదమ్మా, ఎండేదానికి!"

అరుగు మీద అందరూ నవ్వినారు.
నేనూ నవ్వినా.

పదిహేను రోజులకు మళ్ళీ పోయినా,
అదే మనిషిని అదే ప్రశ్న అడగల్ల, రెండు జవాబులూ కలవల్ల.
క్రాసు కాడ గుంతల్లో ఎర్రనీళ్ళు నిలిచుండాయి.
వన్నూరమ్మ ఇంట్లో లేదు, చేన్లో ఉంది,
గొర్రు వెంబడి నడుస్తా
జడ్డిగంలో గింజలు వదుల్తాంది.
గట్టు మీద నుంచి కేకేసి చదివినా,
గాలికి సగం మాటలు పక్క చేన్లో పడినాయి.
"ఒకటి రాసుకో పో!"
"మొన్న నాలుగు అన్నావు కదమ్మా?"
గోడ ఆ మాట అనకూడదు.
"మొన్న మొన్నే."

అనంతపురంలో సారు ఎర్ర పెన్ను తీసినాడు.
పరికరంలో నిలకడ లేదు,
ఆ పన్నెండో వరస తీసేయ్.
పరికరం నిలకడగానే ఉంది సార్, అక్కడ ఆకాశం,
అనబోయి, కిటికీ బయట చూసినాను.
ఇక్కడ చుక్క పడలేదు.

తీసేసినా. డిగ్రీ వచ్చింది.

ఇప్పుడు నా గదిలో కుర్చీకి ఎదురు కుర్చీ ఉంది.
ఎవరైనా వచ్చి కూర్చుని
"బాగానే ఉండాను మేడమ్" అంటే
ఆ మాటను చెవి దగ్గర పెట్టుకుని
ఒకసారి ఆడిస్తా.
చప్పుడు వస్తే రాసుకుంటా.
రాకుంటే, పెన్ను మూసి,
కాసేపు ఊరికే కూర్చుంటా.